రెండు దెబ్బలు, ఒక జవాబు

ఐదు కొట్టడానికి పది నిమిషాలుంది. అప్పటికి నా చేతిలో ఉన్నవి ఇవి: మంచం మీద ఇంకా ఊపిరి ఆడుతున్న అమ్మ, నలభై రోజులుగా నోరు విప్పని బాపు, కాళ్లకు పరుపుల్లాంటి ప్యాడ్లు కట్టుకుని గడపలో నిలబడ్డ తమ్ముడు, ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఒక సంగతి.

నా భార్య రూప చేతిలో ఒక స్టీలు చెంబు ఉంది. నిండా నీళ్లు. దాన్ని బండల మీద పెట్టేస్తానంటోంది.

"పెడత," అంది. "ఇయ్యాల పెడత. ఎవరాపుతరో చూస్త."

"బొంత మీద పెట్టు వదినా," అన్నాడు సాగర్, వెనక్కి తిరగకుండానే. "పది నిమిషాలే."

"నలభై రోజుల సంది గదే ముచ్చట. పది నిమిషాలు, పది నిమిషాలు. గిది ఇల్లేనా? చెంచా కింద పెట్టాలంటే భయం, తలుపేయాలంటే భయం. అత్తమ్మ నొప్పికి అరుస్తుంటే గది కూడ బంద్ జేయమంటవా?"

"అరిస్తే ఏం కాదు. కొట్టిన చప్పుడు రావొద్దు. గంతే."

"ఏమయ్యా, నువ్వన్న చెప్పవేంది? నీ తమ్మునికి దిమాక్ ఖరాబైందని గల్లీ గల్లీ అంటున్నది."

ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు మూడోవాడు నోరు మూసుకుంటే వాడికి పోయేదేమీ ఉండదు. దుకాణంలో నేర్చుకున్న పాఠం అది. నలభై రోజులు ఆ పాఠం మీదే బతికాను.

సాయంత్రం ఐదయ్యేసరికి మా ఇంట్లో ప్రతి గిన్నె కింద ఒక బొంతో, పాత చీరో పరిచి ఉంటుంది. కుర్చీల కాళ్లకు గుడ్డలు చుట్టాం. అందరం ఒట్టి కాళ్లతో నడుస్తాం. బయట ఎవరో రెండు దెబ్బలు కొడతారట. లోపలి నుంచి ఒక్క దెబ్బ జవాబుగా వెళ్లిందంటే, అది వచ్చేస్తుందట. అదంటే ఏమిటో సాగర్ ఎప్పుడూ చెప్పలేదు. ఎవరి కోసం వస్తుందో మాత్రం చెప్పనక్కర్లేకపోయింది. ఇంట్లో మంచం మీద ఉన్నది ఒక్క మనిషే.

స్టేషన్ వైపు నుంచి లోకల్ రైలు వెళ్లింది. బొంతల మీద గిన్నెలు చప్పుడు లేకుండా వణికాయి. రూప చేతిలో చెంబు అలాగే ఉంది.

"సుగుణమ్మ ఏమన్నదో తెలుసా?" అంది రూప. సుగుణమ్మ మా పక్కింటావిడ. రోజూ వచ్చి అమ్మకు ఒళ్లు తుడవడానికి సాయం పడుతుంది. "గా పిలగాడు దారికడ్డం నిలబడ్డడు, గందుకే మీ అత్త ఆండాలు పానం పోతలేదు అన్నది. అత్తమ్మ వీపు చూసినవా సాగర్? పుండ్లు చూసినవా? రోజూ ఏం ఆపుతున్నవో నీకన్న ఎరుకేనా?"

సాగర్ మాస్కు ముఖం మీదికి దించుకున్నాడు. తెల్లటి మాస్కు, కళ్ల ముందు ఇనప చువ్వలు. ఏప్రిల్ ఎండకు రేకుల కప్పు కాలిపోతోంది. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. వాడి మాస్కు చువ్వల సందుల్లోంచి మాత్రం ఊపిరి తెల్లగా, ఆవిరిలా బయటికి వస్తోంది.

నలభై రోజులుగా చూస్తున్నదే. ఆ మాస్కులో ఏదో లోపం ఉందనుకుని సరిపెట్టుకున్నాను.

*

మా దుకాణం ఉప్పుగూడ స్టేషన్‌కు వెళ్లే దారిలో ఉంది. ఐసు గడ్డలు అమ్ముతాం. ఫ్యాక్టరీ టెంపో వచ్చి ఆగాక, దాని వెనక తలుపు నుంచి నేల మీదికి ఒక పొడుగాటి చెక్కను వాలుగా పెడతాం. పైనున్న మనిషి గడ్డను ఇనప కొక్కెంతో లాగి చెక్క మీదికి తోస్తాడు. కిందున్న మనిషి కాళ్లకు గోనెసంచి చుట్టుకుని, జారి వచ్చే గడ్డను పాదాలతో ఆపుతాడు. ఒక్కో గడ్డ మనిషి బరువుంటుంది. పైవాడికి కిందివాడు కనపడడు. మధ్యలో గడ్డే అడ్డం.

అందుకని మా ఇంటికో పద్ధతి ఉంది. పైవాడు కొక్కెంతో టెంపో రేకు మీద రెండు దెబ్బలు కొడతాడు. కిందివాడు కాళ్లు సరిచూసుకుని చెక్క మీద ఒక్క దెబ్బ కొడతాడు. ఆ ఒక్కటి వినబడితేనే గడ్డ కదులుతుంది. నోటితో చెప్పుకోవడం లేదు. ఆ రోడ్డు మీద అందరూ అరుస్తూనే ఉంటారు, ఎవరి అరుపు ఎవరికో తెలియదు. చెక్క మీద దెబ్బ ఒక్కటే మా సొంతం.

మొదట్లో బాపు పైన, అమ్మ కింద. సాగర్‌కు పదేళ్లు వచ్చాక అమ్మ తన చోటు వాడికిచ్చింది. ఇచ్చేటప్పుడు ఒక్క మాటే చెప్పింది: "తోసేటోన్ని చూడకు బిడ్డా. గడ్డను చూడు." వాడి చదువంతా అదే.

ఆ కాళ్లు చూసే సైదాబాద్‌లో చక్రాల బూట్ల హాకీ నేర్పే సారు వాడిని గోలు ముందు నిలబెట్టాడు. చలికాలంలో లడఖ్ తీసుకెళ్లి గడ్డకట్టిన చెరువు మీద ఆడించాడు. అక్కడ చూసినవాళ్లెవరో దుబాయ్‌లో ఒక క్లబ్బుకు చెప్పారు. ఆడినందుకు జీతమిచ్చే క్లబ్బు. వాళ్ల గోల్‌కీపర్ మోకాలు విరగ్గొట్టుకుంటే, మూడు నెలల ఒప్పందం మీద మావాడిని పిలిపించుకున్నారు. మా గల్లీలో ఐసు అమ్మి బతికినవాళ్లం మేమున్నాం. ఐసు మీద ఆడి బతకడానికి వెళ్లింది మాత్రం సాగర్ ఒక్కడే. వాడు వెళ్లాక చెక్క కింద చోటు మళ్లీ అమ్మకే వచ్చింది.

మూడు నెలల ఒప్పందానికి వాడు ఆడినవి మూడు ఆటలు.

మూడూ నేను ఫోన్‌లో చూశాను, లెక్కపెట్టుకుంటూ చూశాను. పక్ అంటారు, నల్ల రబ్బరు బిళ్ల. మొదటి ఆటలో వాడి మీదికి ముప్పై ఒకటి వచ్చాయి. ఇరవై తొమ్మిది ఆపాడు. రెండో ఆటలో ఇరవై ఆరు వస్తే ఇరవై అయిదు ఆపాడు. మూడోది శుక్రవారం నాడు. మొదటి పద్దెనిమిదీ ఆపాడు. మన గడియారంలో సాయంత్రం ఐదింటికి, ఆట మధ్యలో, పందొమ్మిదోది వచ్చింది. అప్పుడు మా సాగర్ ఆటకు వీపు చూపించి వెనక్కి తిరిగి నిలబడి ఉన్నాడు. బిళ్ల వాడి పక్కనుంచి నెమ్మదిగా గోల్లోకి వెళ్లిపోయింది.

అదే ఐదు గంటలకు ఉప్పుగూడలో మా చెక్క మీద గడ్డ జారి, కింద వంగి, గడ్డలు కరగకుండా కప్పే రంపపు పొట్టు ఊడుస్తున్న అమ్మ తుంటికి తగిలింది.

ఆస్పత్రిలో బాపు ఒకే మాట అన్నాడు. "జవాబొచ్చింది. నేను విన్న." ఎవరూ నమ్మలేదు. ముసలాయన తొందరపడి తోసేశాడన్నారు. నీవు ఎక్కడున్నావు అని అందరూ నన్నడిగారు. గోనెసంచులు తేవడానికి లోపలికి వెళ్లానని చెప్పాను. బాపు నా వైపు చూశాడు. తర్వాత గోడ వైపు చూశాడు. ఆ రోజు నుంచి ఆయన మాట్లాడలేదు.

మూడో రోజు సాగర్ సామాను మూటతో ఇంటి ముందు దిగాడు. అమ్మ సంగతి మేమెవరం వాడికి ఫోన్ చేసి చెప్పలేదు. వాడు చెప్పులు కూడా విప్పకుండా అడిగిన మొదటి మాట: "శుక్రవారం ఐదింటికి కింద నిలబడ్డదెవరు?"

*

"మూడు ఆటలు," అంది రూప ఇప్పుడు. "మూడు ఆటలకే పెద్ద ప్లేయరని పేరు. ఆడ ఆపనోడు ఈడ ఆపుతడట. గడప గోలైందా నీకు?"

"రూపా," అన్నాను.

"ఏం, తప్పా? గంత దూరం పోయి, వెనకకు తిరిగి నిలబడ్డడు. అందరు ఫోన్ల చూసి నవ్విన్రు. మా అన్నదమ్ముల ముంగట తల ఎత్తుకోలేకపోయిన."

సాగర్ మాస్కును తల మీదికి ఎత్తుకుని, మొదటిసారి లోపలికి తిరిగాడు. వాడి కళ్ల కింద చర్మం నల్లబడింది. ఇరవై ఆరేళ్లవాడు నాకంటే పెద్దవాడిలా కనిపించాడు.

"ఎందుకు తిరిగిన్నో చెప్పాల్నా వదినా? పద్దెనిమిదోది గ్లవ్‌ల పట్టిన. మస్తు ఫాస్టొచ్చింది. పట్టి ఇడిసిపెట్టిన. ఆట మళ్ల చాలైంది. గప్పుడు నా ఎనక రెండు దెబ్బలు ఇనొచ్చినయ్."

"ఆడ జనం అద్దాల మీద కొడ్తరు. టీవీల చూసిన."

"గది కాదు. ఇనుము. టెంపో రేకు మీద ఇనుము. బాపు చెయ్యి నాకు తెల్వదా? ఆ ఎనక ఒక్కటి. చెక్క మీద. కింద నిలబడాల్సింది నేను గదా, నేనీడున్న గదా, మరి జవాబిచ్చిందెవరు అని తిరిగిన. గంతే. తిరిగేసరికి పందొమ్మిదోది లోపలికి పోయింది."

మంచం కాళ్ల దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్న బాపు తల ఎత్తాడు. నలభై రోజుల్లో తన మాట నిజమని చెప్పినవాడు వాడొక్కడే.

"కోచ్ నన్ను అప్పుడే బెంచీ మీద కూసోబెట్టిండు. భయమైందా అని అడిగిండు. నేనేం చెప్పాలె? మా బాపు ఉప్పుగూడల కొట్టిండు, నాకు ఈడ ఇనొచ్చిందని చెప్పాల్నా? తెల్లారి టికెట్ చేతిల పెట్టిన్రు."

రూప చెంబును కొంచెం కిందికి దించింది. కోపం తగ్గలేదు, కానీ గొంతు తగ్గింది. "మరి నీకెట్ల ఇనొచ్చింది రా?"

"తెల్వదు. ఐసు మీద నిలబడ్డ గదా. గంతే ఎరుక."

గోడ గడియారంలో నాలుగూ యాభై అయిదు.

"అన్నా," అన్నాడు సాగర్. ఎత్తిన మాస్కు కింది నుంచి నా వైపే చూస్తున్నాడు. "ఆ ఒక్క దెబ్బ కాలుతోటి కొట్టింది కాదు. కట్టెతోటి కొట్టింది కాదు. అరచెయ్యి. చెక్కకు ఉంగరం తాకిన చప్పుడు కూడ ఇనొచ్చింది."

నా కుడిచెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. వెళ్లాక తెలిసింది, ఎంత తప్పు చేశానో.

రూప ఆ చేతిని చూసింది. ఆ వేలికి వెండి ఉంగరం పెట్టింది ఆమే.

"ఇన్ని రోజులు ఎందుకడగలేదు?" అన్నాను.

"నేను గోల్‌కీపర్ని, అన్నా. ఎదురుపోను. వచ్చేదాక నిలబడ్త."

ఐసు వ్యాపారికి ఒక ధైర్యం ఉంటుంది. ఏ సరుకైనా కాసేపు పక్కన పెడితే కరిగి నీరైపోతుందనుకుంటాడు. ఆ సంగతినీ అలాగే పొట్టు కప్పి పక్కన పెట్టాను. రోజూ తీసి చూశాను. గోరంత కూడా తరగలేదు.

"నందూ."

అమ్మ. మూడు రోజులుగా మూలుగు తప్ప మాట లేని అమ్మ. దిండు మీద తల కదల్లేదు, కళ్లు మాత్రం నా మీద ఉన్నాయి.

"చెప్పు బిడ్డా," అంది.

గడియారం వైపు చూశాను. ఇక బేరం చేయడానికి ఎదుట ఎవరూ లేరు.

"నేనే," అన్నాను. "గోనెసంచులకు పోలేదు. ఆడనే ఉన్న. చెక్క పక్కన, ఫోన్ చూసుకుంట. సాగర్ పద్దెనిమిదోది పట్టిండు. గ్లవ్‌ల పట్టిండు. ఫోన్ల ఆట జర లేటుగొస్తది, గప్పటికి ఆడ ఏమైందో నాకు తెల్వదు. నాకు మస్తు ఖుషీ అయింది. చెక్క మీద కొట్టిన. ఒక్కసారి. బాపు గప్పుడే రెండు కొట్టిండని నేను ఇనలేదు. ఫోన్ లొల్లిల ఇనలేదు."



"బాపు తప్పు లేదు," అన్నాను. "జవాబొచ్చింది. నేనిచ్చిన."

రూప చెంబును రెండు చేతులతో పట్టుకుంది. "నలభై రోజులు," అంది మెల్లగా. "మామ గోడ దిక్కు చూసుకుంట కూసుంటే, నువ్వు అన్నం తిన్నవ్. నా చేతి అన్నం."



"నేను చూసిన," అంది అమ్మ. "వంగినప్పుడు నీ చెయ్యే చూసిన."

"చూసినవా? మరెందుకు చెప్పలేదమ్మా?"

ఆమె ఊపిరి కోసం ఆగింది. "నేను చెప్తే నా మాటైతది. నీ బాపు నీ నోట వినాలె. గందుకే ఆగిన." మళ్లీ ఆగింది. "మస్తు లేట్ జేసినవ్ రా."

బాపు లేచాడు. గోడ పట్టుకుని, బొంతల మీద చప్పుడు కాకుండా నడిచి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన నా చెయ్యిని జేబులోంచి బయటికి తీసి, వెల్లకిలా తిప్పి, అరచెయ్యిని చూశాడు. తూకం వేయడానికి ముందు సరుకును చూసినట్టు చాలాసేపు చూశాడు. వదిలేసి వెళ్లి మళ్లీ తన చోట కూర్చున్నాడు.

సాగర్ మాస్కు దించుకుని గడపలో ఒదిగి నిలబడ్డాడు. మోకాళ్లు వంచాడు. ఎడమ చేతి గ్లవ్ తెరుచుకుంది.

*

ఐదు.

నలభై రోజులు నాకు ఏమీ వినబడలేదు. ఆ రోజు వినబడింది.

గల్లీ ఖాళీగా ఉంది. తలుపు బారుగా తెరిచి ఉంది, సాగర్ భుజాల మీదుగా ఎదురింటి గోడ దాకా కనిపిస్తోంది. టెంపో లేదు. మనిషి లేడు. ఆ ఖాళీలో, మా గడపకు రెండు గజాల దూరంలో, ఇనుము రేకు మీద పడింది. ఒకటి. కాస్త ఆగి, ఇంకొకటి. బాపు కొట్టే తీరే అది. ఆ మధ్యలో ఎంత ఆగుతాడో నాకు తెలుసు.

బాపు వైపు చూశాను. ఆయన చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. ఆయన కూడా విన్నాడు. రూప చెంబులో నీళ్ల మీద చిన్న వలయాలు లేచాయి.

ఎవరో జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. ఆ ఎదురుచూపు ఇంటి నిండా ఉంది. నేల మీదుగా చలి వచ్చి నా కాలి వేళ్లను తాకింది.

"రూపా," అంది అమ్మ. "గా చెంబు ఇటియ్యి."

దాహమనుకుని రూప చెంబు తీసుకెళ్లి ఆమె చేతికి అందించి, తాగించబోయింది. అమ్మ తాగలేదు. చెంబు అంచు పట్టుకుని, మంచం కోడు పక్కకు తెచ్చుకుంది. కర్ర మంచం. అప్పుడు అర్థమైంది మాకు.

"అమ్మా, వద్దు," అన్నాడు సాగర్. ముఖం ఇటు తిప్పలేదు, చూపు గల్లీ మీదే ఉంది. "నేనున్న. ఆపుత. రోజూ ఆపుత."

"ఎన్ని రోజులు బిడ్డా?"

"ఎన్ని రోజులైనా."

"ఈ పుండ్ల వీపు మీద పండుకుంటున్నది నువ్వా? నొప్పి నాది." ఆమె కాస్త నవ్వినట్టే ఉంది. "గడ్డ ఎవరికి రావాల్నో వాళ్లకు రానియ్యాలె. జరుగు."

"ఆ రోజు నేను లేకుంటి. నేనుంటే ఆపుదును."

"ఆ రోజు లేవు. ఇయ్యాల ఉన్నవు. చాలు తియ్యి. జరుగు నాయినా."

సాగర్ జరగలేదు. వాడి ప్యాడ్లు గడపను మూసే ఉన్నాయి. మూడు ఆటల్లో డెబ్భై రెండు దెబ్బలు కాచిన కాళ్లు అవి. ఒక గోడలా నిలబడ్డం తప్ప వాటికి ఏమీ నేర్పలేదు ఎవరూ.

అప్పుడు వాడు అరడుగు పక్కకు జరిగాడు. అరడుగే. గడప సగం తెరుచుకుంది.

అమ్మ చెంబుతో మంచం కోడు మీద ఒక్క దెబ్బ కొట్టింది.

నీళ్లు పక్క మీద ఒలికాయి. చప్పుడు చిన్నదే. తడి చెక్క మీద బరువైనది కదిలినప్పుడు మొదట ఒక కిర్రుమనే చప్పుడు వస్తుంది. అది విన్నాను. తర్వాత జారుడు. ఎత్తు నుంచి పల్లానికి, తీరిగ్గా మొదలై, వేగం అందుకుంటూ. సాగర్ మెడ మెల్లగా తిరిగింది. గల్లీ నుంచి గడపకు, గడప నుంచి బండల మీదికి, బండల నుంచి మంచం దాకా, ఏదో వెళ్తుంటే చూసినట్టు చూపు దాంతోపాటు సాగింది. తోసేవాడి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. వాడి మోకాళ్లు రెండుసార్లు బిగుసుకున్నాయి. రెండుసార్లూ తనను తాను ఆపుకున్నాడు.

చలి నా పాదాల మీదుగా దాటి వెళ్లింది.

అమ్మ చెయ్యి చెంబు మీదే ఉండిపోయింది. రూప కిందికి వంగి ముక్కు దగ్గర వేళ్లు పెట్టి చూసింది. ఎంతోసేపు అలాగే ఉంది. ఆ తర్వాత చెంబును ఆ చేతిలోంచి విడిపించి, బొంత వెతక్కుండా బండల మీద పెట్టింది. ఐదింటి వేళ ఆ బండల మీద నలభై రోజుల తర్వాత వినబడ్డ మొదటి గిన్నె చప్పుడు అది.

గడప నుంచి మంచం దాకా బండల మీద తడి ఉంది. గడ్డ వెడల్పు చార. చెంబు నీళ్లు పారాయంది రూప. అవునన్నాను. మా బండల వాలు దొడ్డి వైపుకు ఉంటుంది, గడప వైపుకు కాదు. ఆ మాట అనలేదు.

*

ఎండాకాలంలో శవాన్ని తెల్లారే దాకా ఉంచాలంటే ఐసు కావాలి. మా బస్తీలో ఎవరు పోయినా ఆ ఐసు మేమే పంపుతాం. అది అమ్మే సరుకు కాదు. మా ఇంట్లోనే పోయినప్పుడు ఇంకొకడు దించకూడదు. ఇంటివాళ్లే దించాలి.

సుగుణమ్మ వచ్చి రూప పక్కన కూర్చుంది. గల్లీవాళ్లు ఒక్కొక్కరే అరుగుల మీదికి చేరారు. పొద్దు వాలకముందే టెంపో మా గడప ముందు ఆగింది. నలభై రోజుల క్రితం ఆ ఐదింటికి ఆగిన టెంపోనే. డ్రైవర్ గౌస్ భాయ్ దిగి, తల మీది టోపీ సరిచేసుకున్నాడు.

"నందు భాయ్, నాలుగు గడ్డలు తెచ్చిన. మా పోరగాళ్లు దించుతరు. తుమ్ ఫికర్ నక్కో కరో, మీరేం ఫికర్ జేయకున్రి."

"వద్దు," అన్నారెవరో.

అది బాపు గొంతు. ఎంతకాలమైందో, ఎవరిదో వెంటనే పోల్చుకోలేకపోయాను. ఆయన లోపలి నుంచి కొక్కెం పట్టుకుని వచ్చాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున ఆయనే అటక మీద పెట్టేసిన కొక్కెం. నా ముందు ఆగాడు.

"గడ్డ మనమే దించాలె," అన్నాడు. "నేను పైకెక్కుత. నందూ, నువ్వు కింద నిలబడు."



బాపు టెంపో ఎక్కి లోపలి చీకట్లోకి వెళ్లాడు. చెక్క వాల్చారు. నేను కాళ్లకు గోనె చుట్టుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఆ చెక్క పక్కన నిలబడ్డాను కానీ, దాని కింద నిలబడ్డం అదే మొదటిసారి. పైన గడ్డను లాగిన చప్పుడు. గడ్డ చెక్క మొదట్లోకి వచ్చి బాపును పూర్తిగా మూసేసింది. ఆయన ముఖం నాకు కనబడదు. నా ముఖం ఆయనకు కనబడదు. ఆయన మనసులో ఏముందో ఆ గడ్డకు అటువైపే ఉండిపోయింది.

సాగర్ ప్యాడ్లు విప్పేసి నా వెనక వచ్చి నిలబడ్డాడు. వాడి ఊపిరి ఇప్పుడు అందరి ఊపిరిలాగే ఉంది.

"అన్నా," అన్నాడు చెవి దగ్గర. "తోసేటోన్ని చూడకు. గడ్డను చూడు."

రేకు మీద ఇనుము. ఒకటి. కాస్త ఆగి, ఇంకొకటి.

జవాబు నాది. నేను ఇవ్వకపోతే గడ్డ కదలదు, అమ్మ లోపల ఎండకు అలాగే ఉంటుంది. ఇస్తే ఎంత వేగంతో వస్తుందో పైనున్న ఆ చేతికే తెలుసు.

అరచెయ్యి చెక్క మీద వేశాను. ఒక్కసారి. ఉంగరం తాకిన చప్పుడు అందరికీ వినబడింది.

పైన కిర్రుమంది.

గడ్డ నా దాకా వచ్చేలోపు లెక్క చూసుకున్నాను. సాగర్ మీదికి వచ్చినవి మొత్తం డెబ్భై ఏడు. ఆపినవి డెబ్భై రెండు. నాలుగు వాడిని దాటిపోయాయి. చివరిదానికి వాడే జరిగి దారిచ్చాడు. వాడి ఆట అక్కడితో సరి. ఇక నాది. అమ్మ పోయింది. దాచిన సంగతి పోయింది. రూప ఇక ముందు అన్నం ఎలా పెడుతుందో తెలియదు. జమ వైపు చూస్తే ఒకే ఒక్కటి ఉంది: నలభై రోజుల తర్వాత బాపు నన్ను పేరు పెట్టి పిలిచాడు.

అంతే దక్కింది. కళ్లు గడ్డ మీద పెట్టి, కాళ్లు బిగించాను.